కౌబాయ్ సినిమాల్లో అంచు మనుషులు

ఎడ్మంటన్‌లో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్లు "మీరేం చేసేవారు ఆంటీ?" అని అడిగితే, "కాలేజీలో కౌబాయ్ సినిమాలు చెప్పేదాన్ని" అంటాను. మర్యాదగా నవ్వి, "అది సరే, ఉద్యోగం ఏంటి?" అంటారు. మా చర్చిలో ఒక పెద్దాయన ఏళ్ల తరబడి నేను ఏదో థియేటర్లో టికెట్లు చింపుతాననుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. బాపట్ల దగ్గర పుట్టి, ఇంగ్లిష్ ఎమ్మే చదివి, చమురు కంపెనీలో ఇంజినీరైన భర్త వెంట ఆల్బర్టా వచ్చిన ఆడమనిషి, గుర్రాల మీద తుపాకులు పేల్చుకునే పాత సినిమాల గురించి మాట్లాడి జీతం తీసుకుంటుందంటే నమ్మడం కష్టమే. మా అమ్మ చివరిదాకా నమ్మలేదు.

మీలో కొందరు ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఫోన్ చేసి సిలబస్ ఎలా వేయాలి, రీడింగ్స్ ఎన్ని ఇవ్వాలి అని అడుగుతుంటారు. అవి ఎవరైనా చెబుతారు. పని లోపల ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంత నేను చెబుతాను. ప్రమోషన్ల సంగతి ఎత్తను. ఎత్తడానికి పెద్దగా లేవు కూడా.

చీకట్లో కూర్చునే ఉద్యోగం

ఈ పనిలో సగం చీకట్లో కూర్చోవడమే. సినిమా నడుస్తున్నంతసేపూ టీచరు తెరని కాదు, పిల్లల మొహాలని చూడాలి. నేను కుర్చీ పక్కకి తిప్పి వేసుకునేదాన్ని. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు ఫోన్ తీశారు, ఎవరు నిద్రలో జోగుతున్నారు, అంతా తెర వెలుగులో కనబడిపోతుంది. నవ్వకూడని చోట నవ్వారంటే మర్నాటి పాఠం అక్కడే మొదలుపెట్టాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మెడ నొప్పి పుట్టేలా అలా కూర్చుని కూర్చుని నేర్చుకున్నాను.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది రస్ అనే పెద్దమనిషి. పశువుల రాంచ్‌లో పెరిగినవాడు, వెస్టర్న్‌లంటే, అంటే ఈ కౌబాయ్ సినిమాలంటే, ప్రాణం. ఇంటర్వ్యూలో నన్ను, "మీ ఊళ్లో వెస్టర్న్‌లు ఆడేవా?" అని అడిగాడు.

"ఆడేవి. ఇంగ్లిష్ రానివాళ్లకి కూడా బాగా అర్థమయ్యేవి" అన్నాను.

"ఎలా?"

"టోపీ పెట్టుకున్నవాడు మంచివాడు, ఈకలు పెట్టుకున్నవాడు చెడ్డవాడు. ఇంక భాషతో పనేముంది?"

పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆపేశాడు. ఉద్యోగం నాకు ఆ ఆపేయడం వల్లే వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. మొదటి రోజున క్లాసుకి వెళ్తుంటే ఒకే సలహా ఇచ్చాడు. "ముందు వాళ్లని సినిమా చూడనివ్వు. తిట్టడం తర్వాత తిట్టొచ్చు." ఇష్టమైన సినిమాలని కాపాడుకోవడానికి ఈయన వేస్తున్న ఎత్తు ఇది అనుకుని, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను.

తీర్పులు చెప్పడం తేలిక

మొదటి ఏళ్లలో నా క్లాసు కోర్టులా నడిచింది. సినిమాని బోనెక్కించడం, శిక్ష వేయడం, ఇంకో సినిమాని పిలవడం. నేను చెప్పినవి అబద్ధాలు కావు. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో నిజంగా పశువులు తోలినవాళ్లలో నల్లజాతివాళ్లున్నారు, మెక్సికన్లున్నారు, ఇక్కడి ఆదివాసులున్నారు. ఆల్బర్టాలోనే పేరుమోసిన నల్లజాతి కౌబాయ్ ఉండేవాడు. తెర మీదికి వచ్చేసరికి అందరూ తెల్లగా అయిపోయారు. ఆదివాసి నాయకుడి వేషం తెల్లవాడికి గోధుమరంగు పూసి వేయించారు. చైనావాడైతే వంట చేయాలి, లేదా బట్టలుతకాలి. ఆడదైతే బడిపంతులమ్మ, కాకపోతే సారాకొట్టులో డాన్సరు. ఇంక మూడో దారి లేదు.

పిల్లలు దీన్ని చిలకల్లా నాకే తిరిగి అప్పజెప్పేవారు. ఒక కుర్రాడైతే, ఒక సినిమాలో చైనా వంటవాణ్ణి ఎంత అవమానించారో కన్నీళ్లు పెట్టించేలా రాశాడు. ఆ సినిమాలో చైనా వంటవాడు లేనే లేడు. తీర్పు ముందే తెలిసిపోయాక సినిమా చూడడం దేనికి అనుకుని ఉంటాడు పాపం.

ఆ రోజుల్లోనే లియోనా నా స్టూడెంటుగా వచ్చింది. క్రీ అమ్మాయి. ఈ నేల మీద మనందరికంటే ముందు నుంచీ ఉన్న జాతుల్లో క్రీ ఒకటి. ఒకరోజు నేను ఆవేశంగా ఒక సినిమాని చీల్చి చెండాడుతుంటే చెయ్యెత్తింది.

"మా తాతయ్య ఈ సినిమాలకి ప్రతి శనివారం వెళ్లేవాడు. డబ్బు పెట్టి మరీ వెళ్లేవాడు. ఆయన తెలివితక్కువవాడా?"

నేను తడబడి, అలా అనడం లేదన్నాను.

"అనకపోయినా అదే వినిపిస్తోంది. ఆయన హీరోని చూసేవాడే కాదు. వెనకాల మావాళ్లు గుర్రమెక్కే తీరు చూసేవాడు. ఇంటికొచ్చి దాన్నే చెప్పేవాడు. ఆయన దృష్టిలో అది మావాళ్ల సినిమా."

ఆ మాటతో నా పాఠం మారింది. రస్ చెప్పింది కూడా అప్పటికి బుర్రకెక్కింది. సినిమా మొత్తం చూపించాక, ఒక సీన్ మళ్లీ వేసి సౌండ్ తీసేసేదాన్ని. హీరోని వదిలేసి అంచున ఉన్న ఒక్క మనిషిని పట్టుకోండి, సీన్ అయిపోయేదాకా ఆ మనిషినే చూడండి, తర్వాత మాట్లాడదాం అనేదాన్ని. మాటల గోల లేకపోతే కళ్లు తెరుచుకుంటాయి. గుర్రాల కళ్లేలు పట్టుకుని నిలబడ్డ మెక్సికన్ విసుగ్గా ఆవలించడం, డాన్సు చేసే అమ్మాయిల్లో ఒకామె కెమెరా వైపు కోపంగా చూడడం, ఇలాంటివి పిల్లలే పట్టుకునేవారు. "అంచు మనుషుల పాఠం" అని దానికి పేరొచ్చింది. నాకూ కాస్త పేరొచ్చింది. వేరే కాలేజీలవాళ్లు పిలిచి చెప్పించుకున్నారు. లియోనా పెద్ద చదువులు చదివి మా కాలేజీకే టీచరుగా వచ్చింది. పక్క డిపార్ట్‌మెంట్లో ఆదివాసి జాతుల చరిత్ర చెప్పేది. కాఫీకి కలిసి వెళ్లేవాళ్లం. నా పాఠంలో లోపముందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మనవాళ్లు వచ్చారు

తర్వాత ఆ రెండు మూడేళ్లు వచ్చాయి. కెనడా అంతటా కాలేజీలు విదేశీ స్టూడెంట్లతో కిక్కిరిసిన కాలం. అప్పటిదాకా నా క్లాసులో తెలుగు మొహం కనబడితే పండగ. హఠాత్తుగా ఒక సెప్టెంబర్లో తలుపు తీసేసరికి సగం గది మనవాళ్లే. పులిహోర వాసన, "అరేయ్ జరుగు" అనే మాట. రిజిస్టర్లో పేర్లు చదువుతుంటే నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లు నా కోర్సే ఎందుకు తీసుకున్నారో తెలిశాక నీళ్లు ఇంకిపోయాయి. సీనియర్లు వాట్సాప్ గ్రూపులో, "సినిమా కోర్సు, ఎగ్జామ్ లేదు, మేడమ్ మనావిడే" అని పెట్టారట.

మొదటి సినిమాకే హీరో గుర్రం దిగగానే వెనక వరసలోంచి ఈల పడింది. కెనడా పిల్లలు ఉలిక్కిపడ్డారు. నాకు కోపం రావాలి, రాలేదు. సినిమాని సినిమాలా చూసేవాళ్లు చాలా రోజులకి దొరికారు.

అయితే వాళ్ల అలసట కూడా చూశాను. పొద్దున క్లాసు, సాయంత్రం షిఫ్టు. ఒకడు గ్యాస్ స్టేషన్లో, ఒకడు పిజ్జా కొట్లో. తెర మీద తుపాకులు పేలుతుంటే హాయిగా నిద్రపోయేవారు. మీ క్లాసులోనూ నిద్రపోతారు. ముందే చెబుతున్నాను, దాన్ని అవమానంగా తీసుకోకండి. ఆ చీకటి గది వాళ్లకి ఆ వారంలో దొరికిన ఒకే ఒక విశ్రాంతి అయి ఉండొచ్చు.

శ్రావణి పేపరు

శ్రావణిది జనగామ దగ్గర ఊరు. ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చునేది. ఎప్పుడూ నోరు విప్పేది కాదు. బ్రెడ్ తయారుచేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. టర్ము మధ్యలో, క్లాసులో వేసిన ఒక వెస్టర్న్ మీద ఆమె రాసిన పేపరు చదివి కుర్చీలో వెనక్కి వాలాను. ఆ సినిమాలో మాటలు ఎవరికి ఎన్ని ఇచ్చారు, ఎవరిని మధ్యలో ఆపేశారు, ఎవరు మాట్లాడే ముందు డప్పు మోగుతుంది అని ఎంతో శ్రద్ధగా రాసింది. అంతా చెవికి సంబంధించిన సంగతులే. కళ్లకి సంబంధించినవన్నీ తప్పులు. ఆ సినిమాలో ఆదివాసి నాయకుడు పొడుగ్గా, నిటారుగా, ముప్పై ఏళ్లవాడిలా ఉంటాడు. ఈ అమ్మాయి "వంగిపోయిన ముసలి నాయకుడు" అని రాసింది. మంచివాడైన డిప్యూటీ షెరీఫ్‌నీ, ఆ నాయకుణ్ణీ ఒకే నటుడు వేశాడని కూడా రాసింది. ఇద్దరికీ పోలికే లేదు.

అప్పుడే ఏఐ మెషీన్లతో పేపర్లు రాయించుకోవడం మొదలైంది. సినిమా చూడని మెషీన్ ఇలాగే రాస్తుంది. నాకు సందేహమే కలగలేదు, అంతలా నిశ్చయానికి వచ్చేశాను. కాలేజీ రూలు ప్రకారం అలాంటిది కనబడితే పైవాళ్లకి చెప్పాలి. ఆమె పేరు వెతికితే అంతకుముందు టర్ములో ఒక హెచ్చరిక ఉంది. ల్యాబ్ రిపోర్టు ఇంట్లో ఉండే అమ్మాయిలందరూ కలిసి రాసి, అందరూ అదే ఇచ్చారట. మన దగ్గర అది స్నేహం, ఇక్కడ అది నేరం. ఈసారి రెండోది రుజువైతే ఒక టర్ము సస్పెన్షన్. చదువులో అలా గ్యాప్ వస్తే తర్వాత వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడమే ప్రశ్నార్థకం. ఒక్క పేపరుతో ఆ అమ్మాయి కెనడా ముగిసిపోతుంది.

చెప్పే ముందు పిలిచి మాట్లాడాలనుకున్నాను. ఇది మీరు కూడా చేయండి, ఎంత నిశ్చయంగా ఉన్నా సరే.

వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. నేను తెలుగులోనే అడిగాను. "నిజం చెప్పమ్మా. ఈ సినిమా చూశావా?"

"చూడలే మేడమ్."

అంత నేరుగా ఒప్పుకుంటుందనుకోలేదు. "మరి ఈ పేపరు?"

"ఇన్న మేడమ్. క్లాసుల మీరేసినప్పుడు నిద్రవోయిన. అది నా తప్పే. తర్వాత కాలేజీ లింకుల పెట్టుకొని పనికాడ ఇన్న. ఒక చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని ప్యాకింగ్ చేస్త. చేతులు ఖాళీగుండయి, చెవులు ఖాళీనే గద. మా రూముల అందరం గంతే. రెండు మూడు సార్లు ఇన్న."

మన పిల్లలు చాలామంది అంతేనని నాకు తర్వాత తెలిసింది. ఇక్కడికి వచ్చాక వాళ్లు సినిమాలు చూడడం మానేశారు, వినడం మొదలుపెట్టారు.

"సరే. మరి నాయకుడు ముసలివాడని ఎందుకు రాశావు?"

"గొంతు ముసలిదే గద మేడమ్. మాట చివర్ల జర గుర్రుమంటది. డిప్యూటీ మాటల గూడ గదే గుర్రు. గందుకే ఇద్దరు ఒక్కడే అనుకున్న."

"ఇద్దరూ వేరు. డిప్యూటీ తెల్లవాడు. నాయకుడి వేషం వేసింది నిజంగానే ఆదివాసి. ఆ సినిమాకి ఉన్న ఒకే ఒక్క గొప్ప అదేనని నేను క్లాసులో చెప్పాను కూడా."

"మనుషులు వేరే కావొచ్చు మేడమ్" అంది నెమ్మదిగా. "గొంతు మాత్రం ఒక్కటే."

నేను నవ్వబోయాను. ఆమె మొహం చూసి ఆగాను.

"గొంతుల గురించి నీకంత గట్టిగా ఎలా తెలుసు?"

"మా ఇంట్ల గది మాకు ఆట. టీవీల సినిమా వస్తుంటే కండ్లు మూసుకొని ఎవలు డబ్బింగ్ చెప్పిన్రో చెప్పాలె. హీరోయిన్ ఒకామె ఉంటది, గొంతు ఇంకొకామెది ఉంటది గద." ఆ వెంటనే ఇంకో మాట అంది. "ఇంకోటి చెప్పాల్నా మేడమ్? నేను చిన్నగున్నప్పుడు సినిమాలల్ల మా మాట రౌడీకి పెడుతుండిరి, తాగుబోతుకు పెడుతుండిరి, నవ్విచ్చెటోనికి పెడుతుండిరి. హీరోకు పెట్టకపోతుండిరి. మా నాయినమ్మ గట్లనే మాట్లాడ్తది. ఆమె రౌడీ గాదు గద. గిప్పుడు మారింది గనీ, గా అలవాటు నాకు పోలే. ఏ సినిమా అయినా ఎవలకు ఏ మాట ఇచ్చిన్రో ముందుగాల గది ఇంట."

కోస్తా మాట పుట్టినప్పటి నుంచీ తెర మీద హీరోల నోట, హీరోయిన్ల నోట విన్నదాన్ని నేను. ఉన్నవాళ్లకి ఉన్నది కనబడదు.

లెన్స్ మూత

ఆమెని అక్కడే కూర్చోబెట్టి ప్రొజెక్షన్ గది తాళం తెచ్చాను. సినిమా పెట్టి, ప్రొజెక్టర్ లెన్స్‌కి మూత వేశాను. తెర నల్లగా ఉండగా ముందు డిప్యూటీ మాటలు విన్నాను, తర్వాత నాయకుడి మాటలు. మళ్లీ విన్నాను. మాట చివర సన్నటి గుర్రు, రెండిట్లోనూ ఉంది. సందేహం లేదు, ఒక్క మనిషే. నాయకుడి వేషం వేసినవాడి గొంతు తీసేసి, డిప్యూటీ వేషం వేసిన తెల్లవాడితో డబ్బింగ్ చెప్పించారు. పాత సినిమాల్లో గొంతులు మార్చిన సందర్భాలు ఉన్నాయని తెలుసు. కానీ ఈ సినిమాని నేను ఎన్నేళ్లుగా చూపించానో. ఎక్కువసార్లు చూసింది సౌండ్ తీసేసి. నా గొప్ప పాఠమే నా చెవులు మూసింది.

అప్పుడు మూత తీశాను. ఈసారి నా కళ్లు పనికొచ్చాయి.

"శ్రావణీ, ఆయన పెదాలు చూడు."

నాయకుడు గుర్రం మీద కూర్చుని సైనికులతో మాట్లాడే షాట్ అది. డబ్బింగ్ గొంతు రెండు ముక్కల్లో, వచ్చీరాని ఇంగ్లిష్‌లో, 'మా మనుషులు వెళ్లిపోతారు' అన్న అర్థం వచ్చేలా చెప్పి ఆగిపోయింది. ఆయన పెదాలు ఆగలేదు. ఇంకా చాలాసేపు కదిలాయి. అంతసేపూ సంగీతం వేసి కప్పేశారు. ఇంగ్లిష్‌లో మాట్లాడాడో, తన భాషలో మాట్లాడాడో తెలియదు. టైటిల్స్‌లో ఆయన పేరు కూడా లేదు.

ఇద్దరం ఆ షాట్ అలా ఆపి చూస్తూ కూర్చున్నాం. నాకు ఆమె చెవులు లేకపోతే, ఆమెకి నా కళ్లు లేకపోతే ఆ షాట్ అలాగే ఉండిపోయేది.

మెగన్ అడిగిన ప్రశ్న

ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. ఆ ఉత్సాహంలో పేపరుకి మార్కులేసి ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు. కానీ ఒకరోజు ఎవరైనా అడిగితే మునిగేది నేను కాదు, ఆ అమ్మాయి. అందుకని మా డిపార్ట్‌మెంట్ హెడ్ మెగన్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. రస్ రిటైరయ్యాక వచ్చినామె. సూటిగా మాట్లాడే మనిషి. సూటిగా మాట్లాడే బాసులు మొదట చేదుగా ఉంటారు, తర్వాత వాళ్ల విలువ తెలుస్తుంది.

మెగన్ అంతా విని అంది, "నాకు కథ నచ్చింది. కానీ ఒకటి చెప్పు. ఆమె మీ దేశం, మీ భాష. నీ గదిలో నాకు అర్థంకాని భాషలో మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చారు. ఇదే పేపరు వేరే దేశం పిల్ల ఇస్తే ఇంతసేపు కూర్చునేదానివా?"

నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చి పార్కింగ్ లాట్ దాకా నడిచేసరికి మంట చల్లారింది. ఆమె అడిగింది న్యాయమే. కూర్చునేదాన్నో లేదో నాకే తెలియదు. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు కదా, రేపు ఎవరైనా అదే అంటారు.

తిరిగి వెళ్లి ఒక మాట చెప్పాను. శ్రావణి తన పేపరుని క్లాసులో అందరి ముందు నిలబెట్టుకుంటుంది. ఎవరు ఏ ప్రశ్నయినా అడగొచ్చు. మార్కు నేను వేయను, లియోనా వేస్తుంది. నిలబెట్టుకోలేకపోతే నేనే రిపోర్టు చేస్తాను. మెగన్ ఒప్పుకుంది, తనూ వచ్చి వెనక కూర్చుంటానంది.

శ్రావణికి చెబితే మొహం తెల్లబోయింది.

"నాతోని గాదు మేడమ్. నా ఇంగ్లిష్‌కు నవ్వుతరు."

"నవ్వితే నవ్వుతారు. నిజం చెప్పడానికి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు."

"మీకట్ల అనిపిస్తది మేడమ్. మీకు ఇంగ్లిష్ వచ్చు. ఈడ నేను నోరు తెరిస్తే సాలు, 'సారీ?' అంటరు. చెప్పిందే మల్ల చెప్పాలె."

ధైర్యం చెప్పినంత మాత్రాన ధైర్యం రాదు. అందుకని సలహాలు ఆపేసి, వారం పొడుగునా రోజూ ఖాళీ క్లాసురూములో ఆమె చెప్పింది విన్నాను. ఒక్క తప్పూ దిద్దలేదు. దిద్దితే మెగన్ అడిగిన ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. వినడం మాత్రం విన్నాను. అదీ పనేనని ఆ వారంలోనే తెలిసింది.

ఎవరి గొంతు

ఆ రోజు శ్రావణి లైట్లు ఆర్పమంది. తెర కూడా నల్లగా ఉంచి రెండు గొంతులు వినిపించింది. ఎవరివో చెప్పమంది. క్లాసంతా ఒకే మనిషి అన్నారు. అప్పుడు బొమ్మ వేసింది. ఇద్దరు మనుషులు. గదిలో గుసగుసలు బయలుదేరాయి.

ఆమె ఇంగ్లిష్ తడబడింది. ఒకచోట ఆగిపోయి, వాక్యం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మన పిల్లలు ముందు వరసకొచ్చి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. తన ఊరి మాట గురించి, సినిమాల్లో దాన్ని ఎవరి నోట పెట్టారన్న దాని గురించి చెప్పింది. ఆ తర్వాత నాయకుడి షాట్ వేసి, సౌండ్ తీసేసి, పెదాలు చూడమంది.

చివర్లో ప్రశ్నల వంతు వచ్చింది. లియోనా లేచింది. మా స్నేహం గడప బయటే వదిలేసి వచ్చిందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

"నువ్వు ఈ సినిమా చూడకుండా పేపరు రాశావు. ఆయన ముసలివాడు, వంగిపోయినవాడు అని రాశావు. నిటారుగా కూర్చున్న మనిషిని వాళ్ల గొంతు విని వంచేశావు. సినిమా తీసినవాళ్లు ఏం నమ్మించాలనుకున్నారో నువ్వు అదే నమ్మావు. మరి వాళ్లకీ నీకూ తేడా ఏమిటి?"

ఇంత కఠినంగా అడగాలా అనుకున్నాను. శ్రావణి లియోనా వైపే తిరిగి, ఇంగ్లిష్‌లో, మాట తర్వాత మాట వెతుక్కుంటూ చెప్పింది.

"తేడా లేదు. నేను నమ్మాను. మా మాట విని మా నాయనమ్మని రౌడీ అనుకునేవాళ్లు ఎలా నమ్మారో, అలాగే నమ్మాను. నాకు గొంతులు బాగా తెలుసు అనుకున్నాను, అయినా మోసపోయాను. ఇప్పుడు ఆ వాక్యం కొట్టేస్తాను. ఆయన ఎలా మాట్లాడతాడో నాకు తెలియదు అని రాస్తాను. అది తెలియకుండా చేశారు అని రాస్తాను."

లియోనా తల ఊపి కూర్చుంది. కాగితం మీద ఏదో రాసుకుంది.

మార్కు రెండు రోజులకి వచ్చింది. సినిమా చూడకుండా రాసినందుకు బాగానే కోసింది లియోనా. మిగిలింది పాసవడానికి చాలు, ఇంకాస్త ఎక్కువే. సొంత పని కాదన్న అనుమానానికి ఆధారం లేదని మెగన్ కూడా రాసింది, విషయం అక్కడితో ముగిసింది. నేను వేసి ఉంటే ఇంకా ఎక్కువ వేసేదాన్ని. అందుకే నేను వేయకపోవడం మంచిదైంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. మీకో పద్ధతి దొరుకుతుంది, దానివల్ల పేరొస్తుంది. ఆ రోజు నుంచి ఆ పద్ధతి దేన్ని దాస్తోందో వెతకడం మొదలుపెట్టండి. వెతికిపెట్టేది బహుశా మీరు కాదు, ఆఖరి వరసలో నిద్రపోతున్న మనిషి. ఇప్పుడు మా కాలేజీలో అంచు మనుషుల పాఠం రెండు భాగాలుగా జరుగుతుంది. ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి లెన్స్‌కి మూత వేసి. వెస్టర్న్‌లలో మాకు తెలియనివి ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. పాత సినిమాలు అయిపోయాయని ఎవరన్నా నమ్మకండి.

మార్కు వచ్చిన మర్నాడు శ్రావణి నా గదికి వచ్చింది.

"పాసైన గద మేడమ్?"

"పాసయ్యావు. వేసింది లియోనా, ఆమెకి థాంక్స్ చెప్పు."

"చెప్పొచ్చిన." వెళ్లకుండా, "ఇయ్యాల నాకు పని లేదు మేడమ్. సినిమా మొత్తం చూడాల్నని ఉంది. కండ్లతోని" అంది.

ప్రొజెక్షన్ గదికి తీసుకెళ్లి మొదటి నుంచీ వేశాను. ఈసారి నిద్రపోలేదు. గుర్రాలు చూసింది, కొండలు చూసింది, హీరో గుర్రం దిగితే చిన్నగా నవ్వింది కూడా. నాయకుడి షాట్ వస్తుండగా నా వైపు తిరిగి, "సౌండ్ బంద్ పెట్టరా మేడమ్?" అంది. పెట్టాను.

ఆయన గుర్రం మీద నిటారుగా కూర్చుని మాట్లాడుతున్నాడు. గదిలో ప్రొజెక్టర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. శ్రావణి ముందుకి వంగి, ఆయన మాట్లాడడం అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది.

"ఎంత మంచిగ మాట్లాడుతుండు మేడమ్" అంది.